రాజీ పడని మనిషిని పక్కన పెట్టాలా?

ప్రశ్న: నదిలోకి కర్మాగారాల వ్యర్థజలాలు వదలకుండా చూడాలని ఆరేళ్లుగా పనిచేస్తున్న ఒక పౌరసంఘానికి నేను కార్యదర్శిని. మా సంఘాన్ని స్థాపించిన వారిలో ఒక పెద్దాయన ఉన్నారు. నిబంధనలు, పరీక్షా ఫలితాలు, పాత ఉత్తర్వులు అన్నీ ఆయనకు కంఠోపాఠం. ఒక్క చుక్క కూడా వదలకూడదన్నది ఆయన పట్టు. దశలవారీగా తగ్గించుకుంటామంటూ కర్మాగారాల యాజమాన్యాలు ఇప్పుడు మొదటిసారి మమ్మల్ని చర్చకు పిలిచాయి. వెళ్దామని మేము ప్రతిపాదిస్తే, సర్వసభ్య సమావేశంలో అందరి ముందూ లేచి, "చర్చకు వెళ్లేవాళ్లంతా అమ్ముడుపోయినవాళ్లే" అన్నారు. ఆ ప్రతిపాదన చదివింది నేనే. కార్యవర్గంలో సగం మంది ఆయన్ను తప్పించాలంటున్నారు. విమర్శ అంటూ ఒకటి ఉండాలి కాబట్టి, ఆయన స్థానంలో ఎవరైనా సౌమ్యుడికి ప్రతివాదన చేసే బాధ్యత అప్పగిద్దామని ఒకరి సూచన. ఇలాంటి కరడుగట్టిన విమర్శకులు ప్రజావ్యవహారాలకు మేలు చేస్తారా, కీడు చేస్తారా? ఆయనతో నేను ఎలా వ్యవహరించాలి?

సమాధానం: మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలున్నాయి. ఇలాంటి విమర్శకుల వల్ల మేలా, కీడా అన్నది పైకి అడిగినది. నలుగురిలో పడిన ఆ మాటను ఎలా దిగమింగుకోవాలన్నది అడగకుండా అడిగినది. రెండోది తేలనిదే మొదటిదానికి మీరు గానీ, మీ కార్యవర్గం గానీ నిష్పాక్షికంగా జవాబు చెప్పుకోలేరు. ఆయన్ను తప్పించాలన్న ఆలోచన ఆయన వాదనను చూసి పుట్టిందా, ఆయన నోటిని చూసి పుట్టిందా అన్నది ముందు విడదీసుకోండి.

కరడుగట్టినవాడు అన్న మాట రెండు వేర్వేరు గుణాలను ఒకే మూటలో కట్టేస్తుంది. ఇంతకు తక్కువైతే నేను ఒప్పుకోను అనడం ఒకటి. ఇంతకు తక్కువకు ఒప్పుకున్నవాడు దొంగ అనడం ఇంకొకటి. మొదటిది కోరికలోని గట్టితనం. దాన్ని వాదనతో ఎదుర్కోవచ్చు, లెక్కలతో తూచవచ్చు. రెండోది ఎదుటివాడి మనసు మీద ఇచ్చిన తీర్పు. దానికి సాక్ష్యం కావాలి, సాక్ష్యం లేకపోతే అది నింద. మీ పెద్దాయన ఒకే ఊపిరిలో రెండూ అనేశారు. మీవాళ్లేమో రెండోదానికి కోపగించుకుని, దానితోపాటు మొదటిదాన్ని కూడా బయట పారేయబోతున్నారు.

రాజీలేని విమర్శకుడు అనగానే నాకు ముందుగా గుర్తొచ్చే మనిషి అమెరికాలో బానిసత్వ నిర్మూలన కోసం పోరాడిన విలియం లాయిడ్ గారిసన్. 1831 జనవరి 1న బోస్టన్‌లో ఆయన ఒక వారపత్రిక మొదలుపెట్టి, అంగుళం కూడా వెనక్కి తగ్గనని మొదటి సంచికలోనే ప్రకటించాడు. బానిసలను క్రమంగా విడిపిద్దామన్నవారిని, యజమానులకు పరిహారం ఇచ్చి విడిపిద్దామన్నవారిని ఆయన సమానంగా తిట్టిపోశాడు. 1835లో ఒక గుంపు ఆయన్ను తాళ్లతో కట్టి బోస్టన్ వీధుల్లో ఈడ్చింది. 1854 జులై 4న, దేశమంతా స్వాతంత్ర్య దినం జరుపుకుంటుండగా, ఫ్రేమింగ్‌హామ్‌లో జరిగిన సభలో దేశ రాజ్యాంగ ప్రతిని అందరూ చూస్తుండగా తగలబెట్టాడు. బానిసత్వాన్ని వ్యతిరేకించేవారిలోనే చాలామంది ఈ మనిషి వల్ల మన పని చెడిపోతోందని తలపట్టుకున్నారు. ఇంతవరకు మీ కథే.

తరువాతి భాగం అంతగా ప్రచారంలో లేదు, కానీ మీకు కావలసింది అదే. 1864 ఎన్నికల్లో గారిసన్ లింకన్‌ను సమర్థించాడు. గారిసన్‌తో పాతికేళ్లకు పైగా భుజం కలిపి నడిచిన వెండెల్ ఫిలిప్స్ అందుకు ససేమిరా అన్నాడు. 1865 మేలో, బానిసత్వాన్ని రద్దుచేసే రాజ్యాంగ సవరణ ఇంకా రాష్ట్రాల ఆమోదం పొందుతూ ఉండగానే, మన పని అయిపోయింది, సంఘాన్ని మూసేద్దామని గారిసన్ తాను అధ్యక్షుడిగా ఉన్న బానిసత్వ వ్యతిరేక సంఘంలో ప్రతిపాదించాడు. సభ్యులు ఆ ప్రతిపాదనను ఓడించారు. ఆయన తప్పుకున్నాడు, ఫిలిప్స్ అధ్యక్షుడయ్యాడు. ఆ డిసెంబరులో సవరణకు ఆమోదం పూర్తయ్యాక, 29వ తేదీ సంచికతో గారిసన్ తన పత్రికను కూడా ఆపేశాడు. ముప్ఫై అయిదేళ్లు అందరికంటే గట్టిగా నిలబడిన మనిషిని చివరికి అతని సహచరులే మెత్తబడ్డాడన్నారు. కాడి కింద పడేశాడన్నారు. విడుదలైనవాళ్లకు ఓటు హక్కు రాకుండా విడుదల పూర్తికాదన్నది ఫిలిప్స్ వాదన. విషయం మీద ఆయనదే సరైన వాదనని నా అభిప్రాయం. ఓటు హక్కు సవరణ 1870లో వచ్చింది, ఆ ఏడాదే ఫిలిప్స్ కూడా సంఘాన్ని మూసేశాడు.

ఇద్దరూ కరడుగట్టినవాళ్లే, ఇద్దరూ ఒకరితో ఒకరు తగవుపడ్డవాళ్లే. అయినా ఇద్దరికీ ఒక గుణం ఉమ్మడిగా ఉంది. ఏది జరిగితే తన విమర్శ ఆగుతుందో ఇద్దరూ ముందే చెప్పగలిగారు, అది జరిగినప్పుడు నిజంగానే ఆగారు. ఒకరికి ఆ గీత 1865లో ఉంది, ఇంకొకరికి 1870లో ఉంది, అంతే తేడా. కరడుగట్టిన విమర్శకుడిని తూచడానికి స్వరం ఎంత పెద్దదన్నది నాకు పనికిరాలేదు, కోరిక ఎంత దూరమన్నదీ పనికిరాలేదు. ఏమి జరిగితే మీ ఆక్షేపణ తీరుతుంది అన్న ప్రశ్నకు జవాబుందా లేదా అన్నదే పనికివచ్చింది.

జవాబు లేని విమర్శ ఎలా ఉంటుందో చూడాలంటే ప్రాచీన రోమ్‌కు వెళ్లాలి. అక్కడి సెనేట్‌లో వృద్ధుడైన కేటో ఏ విషయం మీద మాట్లాడినా చివర, రోమ్‌కు పాత శత్రువైన కార్తేజ్ నగరం ఉండకూడదనే మాటతో ముగించేవాడని చరిత్రకారులు రాశారు. దానికి బదులుగా స్కిపియో నాసికా అనే మరో సభ్యుడు, కార్తేజ్ ఉండాలనే మాటతో తన ప్రసంగాలను ముగించేవాడట. (ఒక సభలో ఇలాంటివాళ్లు ఇద్దరుంటే మినిట్స్ రాసేవాడి పని సులువు.) క్రీస్తుపూర్వం 149లో రోమ్ యుద్ధానికి దిగగానే కార్తేజ్ వాళ్లు ప్రముఖ కుటుంబాల పిల్లలను 300 మందిని బందీలుగా పంపారు. ఆయుధాలు అప్పగించమంటే అప్పగించారు. అప్పుడు వచ్చింది అసలు ఆజ్ఞ: ఊరు ఖాళీచేసి సముద్రానికి దూరంగా లోపలికి వెళ్లిపొమ్మని. ఓడల మీద బతికే ఊరికి అది మరణశాసనమే. వాళ్లు ఎదురుతిరిగారు, మూడేళ్ల ముట్టడి తరువాత 146లో నగరం నేలమట్టమైంది. ఎదుటివాడు ఒక మెట్టు దిగిన ప్రతిసారీ గీత ఇంకో మెట్టు కిందికి జరిగితే, ఆ గీత గీసినవాడికి కావలసింది పరిష్కారం కాదు, ఎదుటివాడు లేకపోవడం. కేటో మాట నెగ్గింది నిజమే కానీ, నెగ్గడం వల్ల అది మంచి విమర్శ అయిపోలేదు.

మీ పెద్దాయన గారిసన్, కేటోల్లో ఎవరికి దగ్గర? మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే గారిసన్ వైపే అనిపిస్తోంది. ఒక్క చుక్క కూడా వదలకూడదన్న కోరిక వినడానికి మూర్ఖపు పట్టులా ఉన్నా, అది ఊహల్లోంచి ఊడిపడింది కాదు. వ్యర్థజలాన్ని శుద్ధిచేసి, వడపోసి, మిగిలినదాన్ని ఆవిరి చేసి, నీటిని తిరిగి వాడుకుంటూ లవణాలను మాత్రం గట్టిపదార్థంగా వేరుచేసే పద్ధతి ఉంది, దాన్ని నడుపుతున్న కర్మాగారాలున్నాయి. దానికి విద్యుత్తు విపరీతంగా ఖర్చవుతుంది, మిగిలే లవణాలను ఎక్కడ వేయాలన్నది మరో తలనొప్పి. అయినా అది చేయదగిన పనే. అంటే ఆయన గీత ఎక్కడుందో కనిపిస్తోంది. అది మీ గీతకు చాలా దూరంలో ఉంది, అంతే.

మీ కార్యవర్గంలో ఎవరో అని ఉంటారు: ఆయన చెప్పేది సరే, చెప్పే తీరే బాగాలేదు. ఈ మాటను నేను సగమే నమ్ముతాను. ఇగ్నాజ్ సెమ్మెల్వైస్ అనే వైద్యుడు 1847లో వియన్నా జనరల్ ఆస్పత్రి ప్రసూతి విభాగంలో, శవపరీక్షలు చేసి వచ్చిన వైద్యులు క్లోరిన్ కలిపిన ద్రావణంతో చేతులు కడుక్కోవాలని నియమం పెట్టాడు. ఆ ఏప్రిల్‌లో 18 శాతం దాకా ఉన్న బాలింతల మరణాలు జూన్‌కల్లా 2 శాతానికి కొంచెం పైన నిలిచాయి. అయినా పెద్దలు చాలామంది ఒప్పుకోలేదు. ఆయన తన విమర్శకులను బహిరంగ లేఖల్లో హంతకులని తిట్టింది నిజమే. కానీ ఆ లేఖలు 1861, 62 సంవత్సరాల్లోవి. తిరస్కారం అంతకు పదేళ్ల ముందే మొదలైంది. కాబట్టి ఆయన తీరు బాగాలేదు గనుక వినలేదన్నది వినకపోవడానికి తరువాత వెతుక్కున్న సాకు. అయితే ఆ లేఖల వల్ల ఆయన పనికి ఒరిగిందేమీ లేదు, వినబోయేవాళ్లు ఒకరిద్దరున్నా వాళ్లూ దూరమయ్యారు. మన చెవికి గుచ్చుకున్న మాటలో పథ్యం ఎంతుందో చూడటం వినేవాడి బాధ్యత. పథ్యాన్ని మొహాన కొట్టకపోవడం చెప్పేవాడి బాధ్యత. ఒకరు తప్పారని రెండోవారు తప్పించుకోలేరు.

ఇలా చెబుతున్నానని గట్టిగా అరిచేవాడిదల్లా నిజమని అనుకోకండి. విన్‌స్టన్ చర్చిల్ 1930ల్లో జర్మనీ ఆయుధాలు కూడగట్టడం గురించి ఒంటరిగా హెచ్చరించాడని అందరూ చెప్పుకుంటారు. భారతదేశానికి స్వపరిపాలన ఇవ్వరాదంటూ 1931లో తన పార్టీ నాయకత్వ బృందంలోంచి బయటికి వచ్చి, 1935 చట్టం నెగ్గేదాకా అంతే మొండిగా పోరాడినవాడు కూడా ఆయనే. అదే గొంతు, అదే పట్టు. ఒకసారి చరిత్ర ఆయన పక్షాన నిలిచింది, ఇంకోసారి నిలవలేదు. పైగా భారతదేశం విషయంలో అంతలా కేకలేసిన మనిషి జర్మనీ గురించి కేకలేసినప్పుడు, మళ్లీ మొదలుపెట్టాడని కొట్టిపారేయడం సహచరులకు సులువైంది. మీ పెద్దాయనకు మీరు చెప్పదగిన మాట ఇందులో ఒకటుంది: అమ్ముడుపోయారన్న మాటను ఇప్పుడు మీ మీద ఖర్చుచేసేస్తే, రేపు నిజంగా ఎవరైనా కుమ్మక్కైనప్పుడు వాడటానికి ఆయన దగ్గర మాట మిగలదు.

బేరానికి కూర్చున్నప్పుడు ఇలాంటి మనిషి వల్ల ఉపయోగముందా అంటే, ఉంది. హెర్బర్ట్ హెయిన్స్ అనే సామాజిక శాస్త్రవేత్త 1984లో ప్రచురించిన పరిశోధనలో, అమెరికాలో నల్లజాతి హక్కుల సంస్థలకు బయటి నుంచి వచ్చిన విరాళాలను పరిశీలించాడు. 1960ల్లో అతివాద ధోరణులు బలపడుతున్న కొద్దీ మితవాద సంస్థలకు వచ్చే సొమ్ము తగ్గలేదు, పెరిగింది. తలుపు అవతల గట్టివాడు నిలబడి ఉంటేనే లోపల కూర్చున్న మెత్తనివాడితో త్వరగా తేల్చుకుందామని ఎదుటి పక్షానికి అనిపిస్తుంది. ఆరేళ్లు పలకని యాజమాన్యాలు ఇప్పుడు మిమ్మల్ని చర్చకు పిలవడంలో మీ సౌమ్యత పాత్ర ఎంతో, ఆయన మొండితనం పాత్ర ఎంతో ఒకసారి నిజాయితీగా ఆలోచించండి. ఆయన్ను తప్పించి, ఆ కబురు ఎదుటి పక్షానికి చేరాక బల్ల దగ్గర కూర్చుంటే, మీరు చేతిలో ఏమీ లేకుండా కూర్చున్నట్టే.

ఇక సౌమ్యుడైన ప్రతివాదిని నియమించాలన్న సూచన. ఇది కొత్తది కాదు. పునీతులుగా ప్రకటించబోయేవారిపై ఆక్షేపణలు చెప్పడానికే కేథలిక్ చర్చి 1587లో ఒక పదవిని స్థాపించింది, 1983లో దాని పాత్రను బాగా కుదించింది. మనస్తత్వ శాస్త్రవేత్త చార్లన్ నెమెత్, ఆమె సహచరులు 2001లో ప్రచురించిన ప్రయోగాల్లో, వ్యతిరేకత నటించమని నియమించిన మనిషికీ, నిజంగానే వ్యతిరేకిస్తున్న మనిషికీ మధ్య తేడాను పరీక్షించారు. నిజమైన అసమ్మతి ముందు కూర్చున్నవాళ్లు తమ ఆలోచనను ఎక్కువ కోణాల్లోకి విస్తరించారు. నియమిత ప్రతివాది ముందు అది అంతగా జరగలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. అతను చివరికి మనవాడేనని అందరికీ తెలుసు. ఎదురు చెప్పించుకున్నామన్న తృప్తి మిగులుతుంది, ఎదురుదెబ్బ మాత్రం తగలదు.

నేను చాలా ఏళ్ల కింద ఒక చిన్న సంస్థ కార్యవర్గంలో ఉన్నాను. అక్కడ ఒకాయన ప్రతి సమావేశానికీ లెక్కల కాగితాలను ఎర్ర పెన్సిలుతో గీతలు కొట్టి తెచ్చి, ఏటా కొంత ఎక్కడికి పోతోందని అదే ప్రశ్న, అదే నిష్ఠూరపు గొంతుతో అడిగేవారు. మేము నవ్వుకునేవాళ్లం. ఒకసారి విసుగెత్తి ఆయన ప్రశ్నను మినిట్స్‌లో రాయకుండా వదిలేశాం. రాయవద్దని చెప్పినవారిలో నేనూ ఒకడిని. మరుసటి ఏడు ఆడిటరు వచ్చి నాలుగో పేజీ మీద వేలు పెట్టాడు. అక్కడ ఒక ఖర్చు రెండుసార్లు పడింది. దొంగతనమేమీ కాదు, గుమాస్తా పొరపాటు; అంటే మామీద ఆయన మోపిన అనుమానం తప్పు, కానీ ఆయన వేసిన ప్రశ్న ఒప్పు. ఆడిటరు పాత మినిట్స్ అడిగినప్పుడు ఆ పేజీలో ఆయన ప్రశ్న లేకపోవడమే, అసలు పొరపాటు కంటే మాకు ఎక్కువ ఇబ్బంది తెచ్చింది.

ఇక చేయవలసిన పని. సమావేశంలో కాదు, ఆయన ఇంటికి వెళ్లి కూర్చుని మాట్లాడండి. మొదట మీకు తగిలిన దెబ్బను మొహమాటం లేకుండా చెప్పండి: "చర్చకు వెళ్లడం తప్పని మీరు వంద సార్లు అనండి, నేను వింటాను. అమ్ముడుపోయానంటే మాత్రం ఎవరికి, ఎంతకు, ఎప్పుడు అన్నది చెప్పండి, లేదా ఆ మాటను అన్నచోటనే వెనక్కి తీసుకోండి." ఆది నిష్ఠూరం మేలన్నది ఇలాంటి చోటికే. ఆ తరువాత అసలు ప్రశ్న అడగండి: ఒప్పందంలో ఏమి ఉంటే మీరు దాన్ని మోసమని అనరు? నాకు నచ్చదు కానీ మోసం కాదు అనదగ్గ గీత ఒకటి ఉంటుంది, అది ఎక్కడ? జవాబును ఆయన మాటల్లోనే రాసుకుని ఆయనకు చదివి వినిపించండి.

ఆయన దృష్టిలో మీరు ఎలా కనిపిస్తున్నారో కూడా మీకు తెలియాలి. 1876 ఏప్రిల్‌లో వాషింగ్టన్‌లో లింకన్ స్మారక విగ్రహాన్ని ఆవిష్కరించినప్పుడు, బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చి మహావక్తగా ఎదిగిన ఫ్రెడరిక్ డగ్లస్ ప్రసంగించాడు. అసలైన బానిసత్వ నిర్మూలనవాదులు నిలిచిన చోటి నుంచి చూస్తే లింకన్ ఆలస్యం చేసేవాడిగా, చల్లని మనిషిగా, ఉదాసీనుడిగా కనిపించాడని, దేశప్రజల మనోభావంతో కొలిస్తే అదే మనిషి చురుగ్గా, దృఢంగా ముందుకు నడిచినవాడని ఆయన అన్నాడు. రెండు కొలతలనూ ఒకే వాక్యంలో పక్కపక్కన ఉంచాడు, ఏ ఒక్కదాన్నీ కొట్టేయలేదు. ఆ పని మీ పెద్దాయన ఈ వారంలో చేయలేకపోవచ్చు. మీరు చేయగలరు.

గీత ఎక్కడుందో ఆయన చెబితే, చర్చకు వెళ్లే బృందంలో ఆయన్ను చేర్చకండి, కార్యవర్గంలోంచి తీసేయనూ వద్దు. బల్ల దగ్గర కూర్చోవడం ఆయన పని కాదు, దానివల్ల ఆయనకూ సుఖం ఉండదు. చెప్పడానికి నిరాకరించి, ఏ జవాబు ఇచ్చినా కొత్త ఆక్షేపణ తెస్తూ, నింద వెనక్కి తీసుకోకుండా ఉంటే, అప్పుడు పదవి నుంచి తప్పించే విషయం ఆలోచించవచ్చు. అప్పుడు కూడా సభ్యత్వం జోలికి పోకండి, ఆయన అసమ్మతిని పూర్తిగా మినిట్స్‌లో రాయించండి.

ఒప్పందం ముసాయిదా చేతికి రాగానే, సంతకాలకు కనీసం వారం ముందు, మొదటి ప్రతిని ఆయనకే ఇవ్వండి. లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములకు మించరాదని రాసి ఉన్నచోట ఆయన తప్పకుండా ఆగుతారు. ఎందుకంటే మంచినీళ్లు కలిపి పలచన చేస్తే ఆ అంకె దిగిపోతుంది, నదిలోకి చేరే విషం మాత్రం అంతే ఉంటుంది. రోజుకు మొత్తం ఎన్ని కిలోలన్నది రాయకపోతే ఆ వాక్యానికి విలువ లేదు. నమూనా ఎవరు తీస్తారు, ముందు చెప్పి వస్తారా, చెప్పకుండా వస్తారా, రాత్రి పూట వదిలే నీటికి లెక్క ఎవరిది అని కూడా ఆయన అడుగుతారు. మర్యాద కోసం మీరు అడగలేకపోయే ప్రశ్నలు అవే. వాటిని ఒక కాగితం మీద రాయించుకుని, బల్ల దగ్గరికి వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లండి.